లష్కరు బాటలు – ఏడవ భాగము: తవాంగు దారి

గత భాగమున హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెలు 1813లో కూర్చిన రెండు పటాలముల కథ చెప్పుకొంటిమి. నిజాము సొమ్ముతో పెరిగి ఆంగ్లేయాధికారుల ఆజ్ఞకు లోబడి నడచిన ఆ సైన్యమే కాలక్రమమున హైదరాబాదు కంటింజెంటు అయినదనియు, దాని జీతబత్తెముల బాకీ పేరిట 1853లో బేరారు సీమ నిజాము చేతినుండి జారిపోయినదనియు, 1903లో అది బ్రిటిషిండియా సైన్యమున లీనమై, అటుపిమ్మట 19వ హైదరాబాదు రెజిమెంటను పేరు దాల్చినదనియు చూచితిమి. 1945 అక్టోబరులో ఆ పేరు తీసివేసి కుమావూఁ రెజిమెంటని మార్చిరి. బొల్లారము మైదానములతో దానికిగల చుట్టరికము అంతటితో తీరిపోయినట్లే అందరును భావించిరి.

కాని ఆ రెజిమెంటున పనిచేసిన ఇద్దరు అధికారుల అడుగుజాడలను పట్టుకొని పోయినచో మనము దేశపు ఈశాన్యకోణమున, భూటానమునకును టిబెట్టునకును నడుమ, పదివేల అడుగుల యెత్తున నిలిచిన తవాంగు జిల్లాకు చేరుదుము. వారిలో ఒకరు 1951లో తుపాకి పేల్చకుండ ఆ సీమయందు భారతదేశపు పాలనను నెలకొల్పిన మేజరు రాలెంగ్నావ్ ఖాథింగు. రెండవవారు అస్సాము గవర్నరుగా దాని పాలనను పర్యవేక్షించి, యుద్ధమేఘములు కమ్ముకొన్న నెలలోనే నాటి మన రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చిన జనరలు ఎస్. ఎం. శ్రీనాగేశు. ఈ భాగమున వారి కథయు, వారు పాలించిన కొండల కథయు, ఆ కొండలలో 1962లో జరిగిన సంగ్రామపు కథయు చెప్పుదును.

లాలాగూడలో కాపురమున్నవారికి దారి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు 1874లో రైలు వచ్చినది. 1893లో నిజాము రైల్వేవారు మా లాలాగూడలో కార్ఖానా పెట్టిరి. నాటినుండి నేటివరకు ఈ పేటలో తండ్రితాతలు బోగీల క్రింద దూరి బోల్టులు బిగించిన కుటుంబములే యెక్కువ. బండి కదలనిదే దండు కదలదనునది ఇచ్చటి పిల్లలకు సైతము తెలిసిన మాట. తవాంగు చరిత్రను చదివినకొలదియు, ఆ కొండలను చూచినకొలదియు నాకు దృఢపడిన అభిప్రాయము ఇదియే: అచ్చట గెలుపోటములను నిర్ణయించినవి పటముమీది గీతలు కావు, శూరుల సాహసము మాత్రమే కాదు, బియ్యమును, మందుగుండును, ఉన్నికోటును వేళకు మోసికొనిపోగల దారి.

సికింద్రాబాదులో రైలెక్కి గోదావరిని, మహానదిని, గంగను వరుసగా దాటి గౌహతి చేరిన యాత్రికుడు బ్రహ్మపుత్రకు ఉత్తరపుటొడ్డునగల తేజ్‌పూరు మీదుగా భాలుక్‌పాంగునకు పోవలయును. అచ్చట ఇన్నర్ లైన్ పర్మిటు చూపిన పిమ్మటగాని అరుణాచల ప్రదేశమున అడుగు పెట్టనియ్యరు. అంతవరకు చదునుగా పరచుకొన్న తేయాకు తోటలు హఠాత్తుగా ముగిసి, కామెంగు నది ప్రక్కనుండి బాట పైకి లేచును. తొలుత అరటియు వెదురును, అటుపై దేవదారులును, ఇంకను పైకి పోయినచో ఎఱ్ఱని పూలు పూయు రోడోడెండ్రాను పొదలును, కట్టకడపట రాయియు నాచును తప్ప మరేమియు లేని శీతలభూమియు ఒక్క బాటలోనే అంచెలంచెలుగ కానవచ్చును. బొండిలా కొండ యెక్కి, దిరాంగు లోయలోనికి దిగి, మరల మలుపులు తిరుగుచు ఎక్కినచో 13,700 అడుగుల యెత్తునగల సేలా కనుమ వచ్చును. దాని ప్రక్కనే శీతకాలమున గడ్డకట్టిపోవు సరస్సు. అచ్చట బండి దిగి నాలుగడుగులు వేగముగ వేసినవానికి గుండె దడదడలాడును; సమతలమునుండి వచ్చిన దేహమునకు ఆ గాలి చాలదు. ఒక్కదినమున లారీలలో పైకి తరలింపబడి, మరునాడు కందకములు త్రవ్వుటకు నియుక్తులైన సైనికులు ఏమి బాధపడియుందురో పుస్తకముకన్న ఆ నాలుగడుగులే చక్కగ బోధించును.

సేలా దాటినంతనే లోయ విశాలమై, ఆవలి కొండవాలున తవాంగు మఠము తెల్లని గోడలతోను పసుపుపచ్చని కప్పులతోను చిన్నకోటవలె నిలిచి కానవచ్చును. అయిదవ దలైలామా కోరికపై మెరాగ్ లామా లోద్రే గ్యాత్సో 1680–81లో దీనిని నిర్మించెను. ఆయన గుఱ్ఱము తప్పిపోయి ఈ చోటనే మేయుచు కనబడినందున దీనిని దైవము చూపిన స్థలముగ ఎంచుకొనెనని ఇచ్చటి స్థానికులైన మోన్పాలు చెప్పుకొందురు. ఆఱవ దలైలామా త్సాంగ్యాంగ్ గ్యాత్సో 1683లో జన్మించిన ఉర్గెల్లింగు ఇచ్చటికి కొలదిదూరమే. మఠము చుట్టును 925 అడుగుల ప్రాకారమున్నది. లోపల భిక్షువుల నివాసములు, పాఠశాల, ప్రార్థనామందిరము, గ్రంథాలయము కలవు. మేము పోయిన ప్రాతఃకాలమున ఎఱ్ఱని అంగీలు తొడిగిన చిన్నపిల్లలు వరుసగా కూర్చుండి, ఉప్పును వెన్నయు చిలికిన తేనీరు త్రాగుచు, పెద్దల మంద్రస్వరమునకు తమ కీచుగొంతులు కలిపి పారాయణము చేయుచుండిరి. ఒకానొక బాలుడు నిద్రమత్తున తూగుచు, ప్రక్కవాని మోచేతి పోటుతో ఉలికిపడి, తప్పిన చరణమును వెంటనే అందుకొన్న తీరు చూడగా మన వేదపాఠశాలలే జ్ఞప్తికి వచ్చినవి.

గ్రంథాలయమున బంగారుసిరాతో వ్రాసిన కంగ్యూరు (బుద్ధవచనముల టిబెట్టు సంకలనము) ప్రతులున్నవి. ఒక భిక్షువు వస్త్రము విప్పి ఒక గ్రంథము చూపెను: కుట్టులేని పొడుగాటి పత్రములు, పైన క్రింద కొయ్యపలకలు. తాటియాకు ఆ మంచుకొండలలో మొలవదు; కాగితముపై వ్రాయుచున్నను టిబెట్టువారు గ్రంథమునకు మన తాళపత్రపు ఆకారమునే నిలుపుకొనిరి.

ఆకారముతోనే ఆ ఋణము ముగియలేదు. ఈ మఠము లాసా నగర సమీపమునగల ద్రెపుంగు మహామఠమునకు శాఖగా వెలసినది. దలైలామాల సంప్రదాయమునకు మూలపురుషుడైన త్సోంఖపా శిష్యుడు 1416లో స్థాపించిన ఆ ద్రెపుంగునకు మన కృష్ణాతీరపు ధాన్యకటకము పేరునే టిబెట్టు భాషలో పెట్టుకొనిరి. బుద్ధభగవానుడు శంభల రాజైన సుచంద్రునకు కాలచక్ర తంత్రమును ధాన్యకటక స్తూపముచెంత ఉపదేశించెనని వారి సంప్రదాయము. దానిని పురస్కరించుకొనియే 2006 జనవరిలో పదునాల్గవ దలైలామా, నాటి ధాన్యకటకమే అయిన అమరావతికి వచ్చి కాలచక్ర దీక్షలు ఇచ్చెను. తవాంగు బాలభిక్షువు పెరిగి తర్కవాదములు నేర్చునపుడు ఎదుర్కొనవలసిన వాటిలో నాగార్జునుని మాధ్యమిక దర్శనమొకటి. శ్రీపర్వతముతో ముడిపడిన ఆ ఆచార్యుడు శాతవాహన ప్రభువునకు వ్రాసినట్లు చెప్పబడు సుహృల్లేఖ సంస్కృతమూలము నశింపగా, టిబెట్టు అనువాదములోను చైనా అనువాదములలోను మాత్రము నిలిచియున్నది. కృష్ణాతీరమున స్తూపములు శిథిలమై మన్నుగప్పిన శతాబ్దములలో, అచ్చటి విద్య హిమవంతపు దారులలో యాకులమీదను మనుష్యుల వీపులమీదను ప్రయాణము చేసి బ్రతికినదన్నమాట.

ఇక రాజకీయమునకు వత్తము. 1914 మార్చిలో బ్రిటిషిండియా విదేశాంగ కార్యదర్శి హెన్రీ మెక్‌మహను ఢిల్లీలో టిబెట్టు ప్రతినిధితో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి గీచిన గీత తవాంగును హిందూదేశపు భాగమున చేర్చినది. గీత గీచిరేగాని మనిషిని పంపలేదు. 1938లో కెప్టెను లైట్‌ఫుట్టు ఒక చిన్నదళముతో తవాంగునకు పోయి వచ్చెను. అంతకుమించి తెల్లదొరలు ఆసక్తి చూపలేదు. సేలాకు ఉత్తరమున పన్నులు వసూలు చేయువారు, వెట్టిచాకిరి చేయించుకొనువారు టిబెట్టులోని త్సోనా అధికారులే. పటము ఒకరిది, పన్ను ఒకరిది యను ఈ వింతస్థితి స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను కొంతకాలము సాగినది.

చైనా సైన్యము 1950లో టిబెట్టున ప్రవేశించుటతో ఉపేక్షకు తావులేకపోయినది. అస్సాము గవర్నరు జైరాందాస్ దౌలత్‌రాము ఈ పనికి ఎంచుకొన్నవాడు మణిపూరుకు చెందిన తాంగ్ఖుల్ నాగా, మేజరు ఖాథింగు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆయన చేరినది మన 19వ హైదరాబాదు రెజిమెంటుననే. తరువాత సైన్యాధిపతులైన తిమ్మయ్య, శ్రీనాగేశు మున్నగువారితో సహవాసము ఆయనకు అచ్చటనే కలిగినది. పిమ్మట ఉఖ్రూలు అడవులలో జపానువారిపై గూఢదళములను నడపి మిలిటరీ క్రాసు పొందినాడు. 1951 జనవరిలో ఆయన సుమారు 200 మంది అస్సాము రైఫిల్సు జవానులతో, పోర్టరులతో, కంచరగాడిదలతో చార్‌ద్వారు నుండి బయలుదేరి, మంచుపడిన సేలాను కాలినడకన దాటి ఫిబ్రవరి తొలిదినములలో తవాంగు చేరెను. చేరినవెంటనే అధికారము చాటుకొనలేదు. మఠమునకు సమీపమున స్థలము చూచి విడిది చేసెను; దళముచేత కవాతు చేయించెను; ఊరిపెద్దలను పిలిచి మాటాడెను; త్సోనా అధికారులకు ఇకపై పన్ను చెల్లింపనక్కరలేదని ప్రకటించెను. పన్నుబరువు దిగుటకన్న మించిన ప్రచారము ఏ ప్రభుత్వమునకు కావలయును? ఒక్క గుండైనను ప్రేలకుండ పని ముగిసినది.

ఆ పాలన నిలిచినందుననే 1959 మార్చి 31న సరిహద్దు దాటిన దలైలామాను ఖింజెమానే వద్ద భారతీయాధికారులు ఎదుర్కొని, తవాంగు మఠమున విశ్రాంతి కల్పించి, బొండిలా మీదుగా ఏప్రిలు 18 నాటికి తేజ్‌పూరునకు చేర్చగలిగిరి. ఆయన నడచివచ్చినది తన సంప్రదాయపు మఠములగుండనే. అటుపిమ్మట ఆ సరిహద్దు మరి శాంతించలేదు.

ఈ ఘట్టముననే మన రెండవ కథాపాత్ర రంగప్రవేశము చేయును. శ్రీనాగేశుగారి తండ్రి నిజాము కొలువున వైద్యులు. కుమారుడు 1955 మొదలు 1957 వరకు భారత సైన్యాధిపతి. ఉద్యోగము ముగించి హైదరాబాదు బెల్లావిస్టా భవనమున క్రొత్తగ నెలకొన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజికి తొలి ప్రిన్సిపాలు. 1959 అక్టోబరునుండి అస్సాము గవర్నరు. ఆనాడు నేఫా యని పిలువబడిన ఈశాన్య సరిహద్దు ప్రాంతమును రాష్ట్రపతి తరఫున పాలించువాడు అస్సాము గవర్నరే కనుక, తవాంగుతో సహా ఆ కొండలన్నియు ఆయన ఏలుబడిలో నుండెను. 1962 సెప్టెంబరులో ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదునకు వచ్చెను. అదే సెప్టెంబరు 8న చైనా దళములు తవాంగునకు పడమట, నంకాచూ యను సెలయేటిమీది ఢోలా ఠాణాను చుట్టుముట్టినవి. సరిహద్దు కొండలను ఎరిగిన మాజీ సేనాపతి రాజభవనమున కూర్చుండి పత్రికలలో ఆ వార్తలు చదువుకొనవలసి వచ్చుట చరిత్రయొక్క వికృతహాస్యము.

నంకాచూ సంగ్రామమున లోపించినది వీరత్వము కాదు. బ్రిగేడియరు జాన్ దల్వీ నాయకత్వమున 7వ బ్రిగేడు ఆ ఏటి యొడ్డున లోయ అడుగుభాగమున నిలుపబడినది. శత్రువు ఎదుటి థాగ్లా శిఖరమునుండి వారి పొయ్యిపొగలను సైతము లెక్కించుచుండెను. మోటారుబాట తవాంగుతో ఆగిపోయెను. అదియు చిన్నబండ్లు ప్రాకుటకే చాలునట్టిది. అటుపై దినములతరబడి కాలినడక. విమానములనుండి త్సాంగ్‌ధర్ పీఠభూమిపై జారవిడిచిన మూటలలో పెక్కులు లోయలలో పడి దక్కలేదు. సైనికులకు నూలు దుస్తులు, కాన్వాసు జోళ్లు, పాతకాలపు .303 తుపాకులు, మనిషికి ఏబది తూటాలు. ఢిల్లీనుండి మాత్రము శత్రువును తరిమివేయుడను ఆజ్ఞలు వచ్చుచుండెను. క్రొత్తగ సైనిక కోరు (కార్ప్స్) అధిపతిగ వచ్చిన జనరలు కౌలు ఆ యెత్తున వ్యాధిగ్రస్తుడై ఢిల్లీ చేరెను. అక్టోబరు 20 తెల్లవారుజామున ఫిరంగులు గర్జించినవి. కొన్నిగంటలలో బ్రిగేడు ఛిన్నాభిన్నమైనది. 2వ రాజపుత్ర పటాలమొక్కటే 282 మందిని కోల్పోయినది. దల్వీ శత్రువులకు చిక్కెను.

మూడవనాడు బూమ్లా దారిన మరొక దండు దిగినది. అచ్చట 1వ సిక్కు పటాలపు సుబేదారు జోగీందర్ సింగు, ఒక్క ప్లటూనుతో అలలుగా వచ్చిన దాడులను ఎదిరించి, తూటాలు నిండుకొన్నపుడు బాయినెట్లతో పైబడి, గాయములతో పట్టుబడి, బందీగ ప్రాణము విడిచెను. పరమవీరచక్రము ఆయనకు మరణానంతరము లభించినది. తవాంగును మనవారు ఖాళీ చేసిరి. ఇక శత్రువు ఏమి చేసెను? వెంటనే ముందునకు దుముకలేదు. సుమారు మూడువారములు నిలిచి బూమ్లానుండి తవాంగు వరకు లారీలు నడచు బాట వేసికొనెను. దారి ఎవరు ముందు వేసిరో వారిదే తరువాతి గెలుపు.

రెండవ ఘట్టమున ఈ నీతి మరింత క్రూరముగ రుజువైనది. సేలా సహజదుర్గము, బ్రిగేడియరు హోషియార్ సింగు చేతిక్రింద అయిదు పటాలములు అచ్చట నిలిచియుండెను, ఎదురుగ వచ్చి దానిని పట్టుట దుస్సాధ్యము. కాని శత్రువు ఎదురుగ మాత్రమే రాలేదు. 1913లో ఎఫ్. ఎం. బెయిలీ, హెచ్. టి. మోర్స్‌హెడ్ అను ఇద్దరు ఆంగ్లేయ కెప్టెనులు ఈ కొండలను సర్వే చేయుచు నడచిన కాలిబాట యొకటి సేలాకు తూర్పుగ పోషింగ్లా మీదుగ తెంబాంగునకు పోవును. వారి సర్వే వివరములే మరుసటియేట మెక్‌మహను గీతకు ఆధారమైనవి. 1962 నవంబరులో చైనాదళము ఆ బెయిలీ బాటనే పట్టి వచ్చి, 17వ తేదీన బొండిలాకును దిరాంగునకును నడుమ మన ఏకైక రహదారిని కోసివేసినది. సరిహద్దు గీయుటకు మనకు తోడ్పడిన బాట శత్రువునకు తోడ్పడినది. దానిని కాచుటకు చాలినంతమందిని పెట్టవలెనన్న దూరదృష్టి లేకపోయినది. వెనుకదారి తెగినదన్న వార్తతో ఆ రాత్రియే సేలా సైన్యము వెనుదిరిగినది. బలముగ నిలిచి పోరాడగల దండు దారిలో చెదరి, చీకటిలో చిక్కి నశించినది. బొండిలాయు పడిపోయినది. 21న చైనా తనకుతానై కాల్పుల విరమణ ప్రకటించి, క్రమముగ కొండల ఆవలికి మరలిపోయినది.

సేలా నుండి తవాంగునకు దిగుచున్నపుడు నూరానంగు వద్ద జస్వంత్‌గఢ్ అను స్మారకమున్నది. 4వ గఢ్వాలు పటాలపు రైఫిల్‌మను జస్వంత్ సింగ్ రావతు ఒంటరిగా మూడుదినములు శత్రుసేనను నిలిపెనని, సేలా, నూరా యను ఇద్దరు మోన్పా కన్యలు ఆయనకు తోడ్పడిరని అచ్చటివారు కథలుగ చెప్పుదురు. ఆయన పడక నేటికిని పరచి, జోళ్లు మెరుగుపెట్టి ఉంచుదురు. సైనికచరిత్ర చెప్పునది మరియొకటి: నవంబరు 17న ఆ పటాలము వరుసదాడులను త్రిప్పికొట్టినది; జస్వంతు, త్రిలోక్ సింగ్ నేగీ, గోపాల్ సింగ్ గుసాయి మువ్వురును పాకుచు పోయి తమపై నిప్పులు క్రక్కుచున్న మరతుపాకిని లాగికొనివచ్చిరి; ఇద్దరు మరణింపగా గోపాలుడు గాయములతో మరలెను. నా మట్టుకు రెండవ కథయే గొప్పది. పై కథను జనము భక్తితో కట్టుకొన్నారు. క్రింది కథలో మువ్వురు మామూలు మనుష్యులు ఆజ్ఞలేని సాహసమునకు సిద్ధపడినారు.

జస్వంత్‌గఢ్‌లో దారినపోవు వారందరికి సైనికులు వేడి తేనీరు ఉచితముగ ఇచ్చుట ఆచారము. గ్లాసు అందించిన జవాను మా మాటలు విని, “మాస్టారూ, మీది తెలుగుదేశమేనా అండి? మాది విజయనగరం దగ్గరండి” అనెను. చలికి పగిలిన పెదవులతో నవ్వుచు అతడు చెప్పిన మాట నాకు మరపునకు రాదు: “దారి తెరుచుకునుంటే ఇదీ మన ఊరేనండి. మంచు పడి మూసుకుపోయిందనుకోండి, అప్పుడు తెలుస్తాది బియ్యం బస్తా ఎంత బరువో.” సైన్యశాస్త్ర గ్రంథములు అధ్యాయములుగ వ్రాసినదానిని అతడు ఒక్క ముక్కలో తేల్చినాడు.

దేశము ఆ పాఠమును ఆలస్యముగనైనను నేర్చుకొన్నది. యుద్ధమునకు రెండేండ్లముందే, 1960లో, సరిహద్దు రహదారుల సంస్థ ఏర్పడినను, అప్పటికి సమయము మించిపోయెను. తరువాతి దశాబ్దములలో ఆ సంస్థ కూలీలు రాళ్లు పగులగొట్టి, జారిన చరియలను తొలగించి, పలువురు ప్రాణములొడ్డి తవాంగు బాటను వెడల్పు చేసిరి. 2024 మార్చి 9న సేలా సొరంగము ప్రారంభమైనది. మంచు కురిసినంతమాత్రమున తవాంగు లోకమునుండి తెగిపోవు కాలము దానితో గడచినది. తవాంగు పట్టణమున చోర్తెను (స్తూపము) ఆకారమున కట్టిన యుద్ధస్మారకమున కామెంగు రంగమున మడసిన 2,420 మంది పేర్లు నల్లరాతిపై చెక్కియున్నవి. సికింద్రాబాదు పరేడ్ గ్రౌండునందలి వీరుల సైనిక స్మారకమును ఏటేట పూలతో అర్చించు మనము, ఆ 2,420 పేర్లలో ఎందరు శత్రువు గుండుకు బలియైరో, ఎందరు చలికిని ఆకలికిని దారితప్పుటకును బలియైరో అడిగి తెలిసికొనుట వారికి చేయు మేలైన నివాళి.

ఖాథింగు 1951లో సాధించినదానికిని, 1962లో మనము పోగొట్టుకొన్నదానికిని నడుమ పదునొకండు ఏండ్లు గడచినవి. ఆయన 200 మందితో పోయినపుడు తిండి, దుస్తులు, మోసెడి కంచరగాడిదలు, కొండలెరిగిన మనుష్యులు దళముతోపాటు నడచిరి. ఎంత మోయగలరో అంతయే తలపెట్టెను. 1962లో ఢిల్లీ తలపెట్టినది వేరు, కొండబాట మోయగలిగినది వేరు. ఆ వ్యత్యాసమును మన సైనికులు తమ ప్రాణములతో పూడ్చవలసివచ్చినది. వారి సాహసమును కీర్తించుట తేలిక. ఆ సాహసము అవసరము కాకుండ చేయవలసిన పని కార్ఖానాలలోను, గోదాములలోను, రోడ్లమీదను, పద్దుపుస్తకములలోను జరుగును. లాలాగూడ కార్ఖానాలో ఎవని పేరును రాతిపై చెక్కకున్నను, వాడు సరిగ బిగించిన చీల సరిహద్దున ఒకని ప్రాణము కాయును.

పేరు మారినను హైదరాబాదు రెజిమెంటు వారసులు ఆ యుద్ధమున ఊరకుండలేదు. నేఫాకు తూర్పుకొసన వాలాంగులో 6వ కుమావూఁ పటాలమును, లడఖునందలి రెజాంగ్లాలో మేజరు షైతాన్ సింగు నాయకత్వమున 13వ కుమావూఁ చార్లీ కంపెనీయు 1962 నవంబరులో నిలిచి పోరిన తీరు వచ్చు భాగమున.